మూడు నిరాకరణల బడి

మా బడికి సంప్రదాయం ఉందన్న సంగతి మాకు తొంభై ఎనిమిదేళ్ళకు తెలిసింది. అంతదాకా పాఠాలు చెప్పుకుంటూ ఎలాగో బతికేశాం.

చంద్రమణీదేవి బాలికా విద్యాలయం అంటే మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. సర్కారు సాయం తీసుకోని బడి, హాస్టలు లేని బడి, మగపిల్లల్ని గుమ్మం తొక్కనివ్వని బడి. పొద్దున్న తొమ్మిదయ్యేసరికి ఆరువందల పన్నెండు మంది ఆడపిల్లలు సైకిళ్ళ మీద, ఆటోల్లో, బస్సుల్లో, నాన్నల బళ్ళ వెనకాల వచ్చి పడేవారు. సాయంత్రం అలాగే చెదిరిపోయేవారు. నేనక్కడ ఇరవై రెండేళ్ళుగా సోషలు చెబుతున్నాను. నా పేరు సుభద్ర. పదో తరగతి బి సెక్షను హాజరుపట్టీ నా చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఈ కథ చెప్పే హక్కు మిగతా టీచర్లకంటే నాకు కాస్త ఎక్కువే ఉంది, ఎవరేమనుకున్నా సరే.

ఊళ్ళోకి రెండు కార్పొరేటు స్కూళ్ళు దిగడంతో గొడవ మొదలైంది. ఒకదానికి ఏసీ గదులు, రెండోదానికి ఏకంగా గుర్రపుస్వారీ. మా కరస్పాండెంటు పద్మనాభరాజు గారు బడి పెట్టిన మహాతల్లికి మునిమనవడు. మనకేముంది చూపించుకోవడానికి అని ఆయనకు వారం రోజులు అన్నం సహించలేదు. సరిగ్గా అప్పుడే వారసత్వ విద్యాసంస్థల గుర్తింపు మండలి అనేదొకటి ఎక్కడో పుట్టి, అన్ని పాత బళ్ళకూ దరఖాస్తులు పంపింది. మొత్తం నూరు మార్కులు. భవనానికి పది, ఫలితాలకు పది, టీచర్లకు ఐదు, మరుగుదొడ్లకు ఐదు. మిగతా డెబ్బై మార్కులూ 'అవిచ్ఛిన్న సంప్రదాయానికి'.

"చూశారా?" అన్నారు రాజుగారు స్టాఫు మీటింగులో, బల్ల మీద గుద్ది. "ఏసీ కొనుక్కోవచ్చు. గుర్రం కొనుక్కోవచ్చు. తొంభై ఎనిమిదేళ్ళు కొనుక్కోగలరా?"

కొనుక్కోలేరని మేమంతా ఒప్పుకున్నాం.

ఇక ఆ సంప్రదాయం ఏమిటో తెలియాలి కదా. పాత బీరువా తాళం పగలగొట్టించారు. చెదలు తిన్నది తినగా మిగిలిన నోటుపుస్తకం ఒకటి దొరికింది. చంద్రమణీదేవి గారి సొంత దస్తూరీ. బడి పెట్టిన ఏడాది పిల్లలు పదకొండు మంది. వాళ్ళకోసం ఆవిడ రాసుకున్న నిబంధనల్లో మూడోది ఇది:

"ఆయా గృహమునకు వచ్చి పిలిచిన బాలికయే పాఠశాలకు రావలెను. పిలువని బాలికను లోనికి రానీయరాదు. తల్లి మూడుమారులు వలదనును. ఆయా మూడుమారులు నచ్చజెప్పవలెను. పిదప బాలికను బండిలో కూర్చుండబెట్టి తోడ్కొని రావలెను."

చదివితే నాకు కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు. ఆ రోజుల్లో ఆడపిల్ల వీధిలో నడిచి బడికెళితే ఊరు ఊరుకుంటుందా? అందుకని ఆవిడ పరదా బండి కట్టించి, ఆయాను గడపగడపకూ తిప్పి, తల్లుల్ని బతిమాలించి, ఆ పదకొండు మందినీ పోగేసుకుంది. తల్లులు మూడుసార్లు వద్దంటారని ఆవిడకు అనుభవం మీద తెలుసు. అందుకే నాలుగో మాటకు ముందే వెనక్కి రావద్దని ఆయాకు రాసిపెట్టింది.

మర్నాడే సర్క్యులరు నంబరు ఏడు వచ్చింది. 'సంస్థాపకుల ఆశయములకు అనుగుణముగా, దసరా సెలవుల అనంతరము, ఆయా పిలుపు పొందని బాలికలకు ప్రవేశము లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.'

నేను చెయ్యెత్తాను. "రాజుగారూ, పిల్లలు ఆరువందల పన్నెండు. ఆయా ఒక్కతే."

"ముత్తవ్వగారి కాలంలోనూ ఒక్కతేనమ్మా. రెండో ఆయాను పెడితే సంప్రదాయం రెండు ముక్కలవుతుంది."

"పోనీ ఫోన్లో పిలిస్తే?"

"పిలుపనేది కంఠంలోంచి రావాలి సుభద్రగారూ, కంపెనీలోంచి కాదు."

హెడ్మిస్ట్రెస్ త్రిపురసుందరి గారు ఆ వాక్యాన్ని డైరీలో రాసుకున్నారు. ఆవిడ రిటైర్మెంటుకు మూడేళ్ళుంది. రాజుగారు వర్షం కింద నుంచి పైకి కురుస్తోందన్నా, గొడుగు తిరగేసి పట్టుకునే మనిషి.

ఆ ఒక్క ఆయా పేరు పైడమ్మ. గేటు తియ్యడం, గంట కొట్టడం, మంచినీళ్ళు పట్టడం, ఆరో తరగతి పిల్లలు ఏడిస్తే ముక్కు తుడవడం, అన్నీ ముప్పై ఒక్కేళ్ళుగా ఆవిడే. సంగతి చెబితే నడుము మీద చెయ్యేసుకుని నిలబడిపోయింది.

"ఆరొందల గడపలా? ఏటమ్మా, నానేటి అమ్మోరి ఘటాన్నా, ఇంటింటికీ తిరిగి పసుపునీళ్ళోయించుకోడానికి?"

"ఉద్యోగం పైడమ్మా."

"సర్లెండి. కాళ్ళు నాయి, బడి ఆరిది."

దసరా అయ్యాక మొదటిరోజు పైడమ్మ తెల్లారగట్ల ఐదింటికి బయల్దేరింది. పది గంటలకు నలభై ఒక్క మంది పిల్లలతో, ఇరవై ఏడు కాఫీలతో తిరిగొచ్చింది. పిలిచిన ఇంట్లో కాఫీ వద్దంటే బాగుండదుగా. మిగతా ఐదువందల చిల్లర పిల్లలు, ఎప్పట్లాగే తమంతట తాము వచ్చినవాళ్ళు, గేటు బయట కిక్కిరిసి ఉన్నారు. హెడ్మిస్ట్రెస్ గారు మైకు పట్టుకున్నారు.

"స్వయముగా విచ్చేసిన బాలికలు దయచేసి తమ తమ గృహములకు మరలివెళ్ళి, పిలుపునకై నిరీక్షించవలెను."

బస్సు మీద పన్నెండు మైళ్ళు వచ్చిన పిల్లలు కూడా మరలివెళ్ళారు. వాళ్ళలో కొందరు బస్సెక్కేటప్పుడు కేరింతలు కొట్టారనేది నేను దాచను. పిల్లలు పిల్లలే కదా.

హాజరుపట్టీలో మాకు కొత్త గుర్తు వచ్చింది: 'పి.రా.' అంటే పిలుపు రాలేదు. అది హాజరూ కాదు, గైర్హాజరూ కాదు అని హెడ్మిస్ట్రెస్ గారు వివరించారు. పరీక్షల బోర్డు వాళ్ళకు మాత్రం అంత సూక్ష్మం తెలియదు. హాజరు కానిదంతా వాళ్ళకు గైర్హాజరే.

రెండో వారంలో నిబంధనలో రెండో సగం రాజుగారి కంటబడింది. తల్లులు నిరాకరించడం లేదు! పైడమ్మ వెళ్ళేసరికి పిల్ల జడలేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంటోంది, తల్లి టిఫిను డబ్బా చేతిలో పెట్టి పంపించేస్తోంది.

"ఇది పిలుపు కాదు, పికప్పు!" అని మండిపడ్డారు రాజుగారు. వెంటనే గులాబీరంగు కాగితం మీద నిరాకరణ పత్రం అచ్చయింది. అందులో మాటలు మూడు. మొదటిది, 'ఆడపిల్లకు చదువెందుకమ్మా?' రెండోది, 'చదివి ఊళ్ళేలాలా, ఉద్యోగాలు చెయ్యాలా?' మూడోది, 'ఇంటిపట్టున పడుంటే చాలు, పంపను.' ఆయాకు పసుపురంగు కాగితం. అందులో 'విద్య గృహమునకు వెలుగమ్మా' లాంటివి మూడు. పైడమ్మకు చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించి కంఠతా పట్టించాను. దాంతోపాటు సంప్రదాయ సమన్వయకర్త అనే పదవి కూడా నాకే తగిలించారు.

తల్లులు ఏమన్నారంటారా? ఏమంటారు, పిల్ల చదువు కదా, అన్నారు. పిల్లల డాక్టరు వసుంధర గారు స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని గుమ్మంలో నిలబడి, "చదివి ఊళ్ళేలాలా, ఉద్యోగాలు చెయ్యాలా?" అని గడగడా చదివేసి ఆస్పత్రికి పరుగెత్తారు. బ్యాంకు మేనేజరు ఒకావిడ, "కొంచెం ఎమోషన్ కావాలా టీచర్?" అని అడిగింది. ఉంటే మంచిదే అన్నాను. పెట్టింది. చాలా బాగా వచ్చింది కూడాను.

అవసరం మనిషికి అన్నీ నేర్పుతుంది. బడికి ఎదురుగా చనిపోయిన ప్లీడరు గారి పాత ఇల్లుంది, దానికో పొడుగాటి అరుగు. ఒకరోజు ఇద్దరు తండ్రులు వెళ్ళి ఆయన వారసుల చేత, తమ పిల్లలకు అది తాత్కాలిక గృహమని కాగితం రాయించుకున్నారు. పైడమ్మ రోడ్డు దాటితే పిలుపైపోతుంది. వారం తిరిగేసరికి ఆ అరుగు నాలుగువందల మంది పిల్లల గృహమైంది. పక్క మేడ మెట్లు, సోడా బడ్డీ ముందు బల్లలు కూడా గృహాలైపోయాయి. రాజుగారు సుదీర్ఘంగా ఆలోచించి, దీన్ని ఒక షరతు మీద ఆమోదించారు. గృహమన్నాక తల్లి ఉండాలి. తల్లి ఉన్నాక నిరాకరించాలి.

అలా మా ఊళ్ళో రోజూ పొద్దున్న ఎనిమిదీ ముప్పావుకు, ఆడపిల్లల బడి గేటుకు ఎదురుగా, ఐదువందల మంది తల్లులు గులాబీ కాగితాలు పట్టుకుని ఏకకంఠంతో "ఆడపిల్లకు చదువెందుకమ్మా?" అని అరవడం మొదలుపెట్టారు.

మూడోరోజుకు ఎస్సై గారు జీపులో దిగారు.

"ధర్నాకి పర్మిషనుందా?"

"ధర్నా కాదండీ, సంప్రదాయం," అన్నాను.

"ఆడపిల్లలకి చదువొద్దని అరుస్తున్నారు కదమ్మా?"

"చదివించడానికేనండీ."

ఎస్సై గారు టోపీ తీసి తల గోక్కున్నారు. ఆయన కూతురు మా బడిలోనే ఏడో తరగతి. మర్నాటినుంచి ఆయన భార్య కూడా గుంపులో నిలబడింది. ఆవిడ గొంతు మంచి గట్టిది.

ఇంతవరకూ అందరికీ నవ్వులాటగానే ఉంది. నాక్కూడా. స్టాఫ్ రూములో ఈ ముచ్చట్లు చెప్పుకుని పడీపడీ నవ్వుకునేవాళ్ళం. నా పట్టీలో ఇరవై మూడో నంబరు లేకపోతే ఇప్పటికీ నవ్వుకుంటూనే ఉండేదాన్నేమో.

ఇరవై మూడో నంబరు లెంక జోష్న. ఇల్లు రైలుగేటు అవతల. లెక్కల్లో ఆ పిల్ల బుర్ర చూసి మా లెక్కల మాస్టారమ్మే భయపడేది. ట్రిపుల్ ఐటీలో సీటు కొడతానని ఎనిమిదో తరగతిలోనే నాతో పందెం వేసింది. తల్లి వరాలు జూట్ మిల్లులో ఎ షిఫ్టు, పొద్దున్న ఆరింటికి మిల్లులో ఉండాలి. ఎనిమిదీ ముప్పావుకు అరుగు దగ్గరికి వచ్చి అరవడం ఆవిడకెలా కుదురుతుంది? అలా కుదరని తల్లుల పిల్లలు రైలుగేటవతల పదమూడు మంది ఉన్నారు. వాళ్ళను ఇళ్ళకెళ్ళే పిలవాలి. గంట, గేటు, మంచినీళ్ళు చూసుకుని పైడమ్మ అంతదూరం నడవగలిగేది వారానికొక్కసారి, గురువారం నాడు. పన్నెండు మంది వేరే బళ్ళకు వెళ్ళిపోయారు. జోష్నకు ఆ దారీ లేదు. పదో తరగతి పేర్లు బోర్డుకు వెళ్ళిపోయాక ఎవరూ చేర్చుకోరు.

వేసవి తర్వాత ఆ పిల్ల జ్వరంతో కొన్నాళ్ళు రాలేదు. ఇప్పుడు వారానికి ఐదు పి.రా.లు. నేను లెక్కగట్టి చూశాను. ఇంకో తొమ్మిది రోజులు పోతే హాజరు డెబ్బై ఐదు శాతం కిందికి దిగుతుంది. దిగితే హాల్ టికెట్టు రాదు.

తమాషా ఏమిటంటే ఆ పిల్ల రోజూ బడికి వచ్చేది. తండ్రి సింహాచలానిది ఆటో. రోజూ ఏడుగురు పిల్లల్ని అరుగు దగ్గర దింపేవాడు. వాళ్ళతో పాటు జోష్న కూడా యూనిఫారం వేసుకుని, రెండు జడలూ రిబ్బన్లూ కట్టుకుని వచ్చి, అందరూ లోపలికెళ్ళిపోయాక ఖాళీ ఆటోలో కూర్చునేది. ఇంటర్వెల్లో నేను గేటు ఊచల్లోంచి నోట్సులు అందించేదాన్ని.

ఒకరోజు ఊచలు పట్టుకుని అడిగింది. "టీచర్, నేను లోపలికి రానండి. ఇక్కడే నిలబడి ప్రెజెంట్ అంటాను. మీరు పట్టీ ఇక్కడికి తెచ్చి వేసుకోకూడదా?"

"రూలొప్పదమ్మా," అన్నాను.

ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నవంబరు ఆఖరి వారంలో సింహాచలం నన్ను ఆపాడు. "టీచరుగోరూ, మీకో మాట సెప్పాల. పిల్లని ఒకటో తారీకు నుంచి సీరల కొట్లో పెట్టేత్తన్నానండి. మాటాడేసినాను."

"అదేమిటయ్యా! బంగారంలాంటి పిల్ల!"

"నాకూ ఆశేనండి. కానీ నానేటనుకుంటన్నానంటే..." అతను రోడ్డుకు అటువైపు చూపించాడు. అరుగు దగ్గర తల్లులు రెండో నిరాకరణ మీద ఉన్నారు. "ఆ డాట్రమ్మగోరు, ఆ బేంకమ్మగోరు, కాలేజీ పిన్సిపాలమ్మగోరు, అంత సదువుకున్నోళ్ళే రోజూ రోడ్డుమీద నిలబడి సదువెందుకని అడుగుతన్నారు. సదివి సూసినోళ్ళు ఆళ్ళే కదండీ. ఆళ్ళకి తెలీదేటి?"

"అది ఉత్తుత్తిది సింహాచలం!"

"నెల్లాళ్ళనుంచి రోజూ ఉత్తుత్తికే అరుత్తారేటండి?" అన్నాడు. మా ఇంట్లో మా అమ్మ కూడా మనవరాలితో 'చదువెందుకే' అంటుంటే మొన్ననే విన్నాను.

మండలి పరిశీలన సరిగ్గా ఆ గురువారం పడింది. వచ్చినాయన ఆచార్య గోవర్ధన్ గారు. మెడలో ఉత్తరీయం, చేతిలో అరవై ప్రశ్నల పట్టీ. మేడల్లో పిలుపు చూపిస్తే సహజత్వం రాదని రాజుగారు ఆయన్ను రైలుగేటవతలికి, జోష్న ఇంటికే తీసుకెళ్ళారు. పక్క ఊరినుంచి ఎడ్లబండి తెప్పించి పెళ్ళివారి పరదా కట్టించారు. వరాలు ఆ రోజుకు మిల్లులో సెలవు పెట్టుకుంది. మామూలుగా గురువారాల్లో నిరాకరించేది నాయనమ్మ. ఆవిడకు కాగితంతో పనే లేదు, మనసులోంచే వచ్చేది. ఆ రోజూ ఉత్సాహంగా ముందుకొచ్చింది.

"తల్లి జీవించి, గృహమందుండగా, పితామహి నిరాకరణ చెల్లనేరదు," అన్నారు గోవర్ధన్ గారు. ముసలమ్మ గొణుక్కుంటూ మంచమెక్కింది.

వరాలు గుమ్మంలోకి వచ్చింది. వెనకాల జోష్న, భుజాన సంచీ. సింహాచలం ఆటోకు ఆనుకుని నిలబడ్డాడు. గులాబీ కాగితం చూసి వరాలు, "ఆడపిల్లకు చదువెందుకమ్మా?" అంది. పైడమ్మ తన పాఠం అప్పజెప్పింది. "చదివి ఊళ్ళేలాలా, ఉద్యోగాలు చెయ్యాలా?" అంది వరాలు. పైడమ్మ రెండోది అప్పజెప్పింది. గోవర్ధన్ గారు రెండు టిక్కులు పెట్టి, మూడోదానికి కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

వరాలు వెనక్కి తిరిగి జోష్నను చూసింది.

"మూడోదమ్మా," అన్నాను నెమ్మదిగా.

"నాననను."

"అదేమిటి?" అన్నారు రాజుగారు. "ఉత్తినే అమ్మా. అనేస్తే పిల్లను పంపించేస్తాం కదా!"

"తమరికి ఉత్తినే బాబూ. మా ఇంట్లో అది ఉత్తిది అవలేదు." వరాలు కాగితం కిందికి దించింది. "వారంవారం మా యత్త అంటాది. రోజూ రోడ్డుమీద యిని యిని మా ఆయన అంటన్నాడు, సీరల కొట్టు మాటాడొచ్చినాడు. పోన్లే అనుకున్నాను. మొన్న అన్నం తింతా ఈ పిల్లే అనీసింది. 'అమ్మా, నాకు సదువెందుకులే' అని నా పిల్లే అంది బాబూ! ఈ సదువుకోసవే కదా నాను మిల్లులో నిలబడి నిలబడి కాళ్ళు వాపెట్టుకుంటన్నాను! ఇంక నా నోటంట ఆ మాట రాదు. సంపినా రాదు."

గోవర్ధన్ గారు గొంతు సవరించుకున్నారు.

"మూడవ నిరాకరణ లేనిదే మూడవ నచ్చజెప్పుట కుదరదు. అది కుదరనిదే పిలుపు సంపూర్ణము కాదు. పిలుపు సంపూర్ణము కానిదే బాలిక బయలుదేరరాదు."

"అయ్యా, తల్లి ఒప్పుకుంటోంది కదండీ!" అన్నాను.

"సమస్య అదేనమ్మా," అన్నారాయన.

వరాలు కాగితాన్ని గుమ్మం పక్కన పడేసింది. జోష్న చెయ్యి పట్టుకుంది. "నడవే," అంది.

ఇద్దరూ నడిచారు. వాళ్ళ వెనక పైడమ్మ, పైడమ్మ వెనక పట్టీ చంకన పెట్టుకుని నేను. మా వెనకాల ఖాళీ పరదా బండి, దాని వెనక గోవర్ధన్ గారి కారు, అన్నిటికంటే వెనక సింహాచలం ఆటో. రైలుగేటు దాటి, కూరల బజారు దాటి బడి దగ్గరికొచ్చేసరికి అక్కడ తల్లులు, పైడమ్మ రాకపోయినా, వేళ తప్పకుండా మూడో నిరాకరణ అందుకున్నారు. "ఇంటిపట్టున పడుంటే చాలు..." వరాలు ఎవరి మొహమూ చూడకుండా వాళ్ళ మధ్యనుంచి కూతుర్ని లాక్కుంటూ పోయింది. ఆవిడ దాటిన చోటల్లా గొంతులు ఆగిపోయాయి. ఆఖరికి ఎస్సై గారి భార్య గొంతొక్కటే మిగిలింది, అదీ ఆగింది.

రాజుగారు కారు దిగి పరుగున వచ్చారు. "పైడమ్మా! గేటు తియ్యకు! పిలవని పిల్ల!"

పైడమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది. "ముప్పయ్యొక్కేళ్ళనుంచి ఈ గేటు తీత్తన్నాను బాబూ. సిన్నప్పుడు నన్ను ఏ ఆయమ్మా పిలవలేదు. ఈ బోర్డు మీద ఏటి రాసుందో నాకిప్పటికీ తెల్దు. ఈ పిల్లనాపడానికి నాకు సెయ్యాడదు. ఉజ్జోగం తీసేత్తే తీసెయ్యండి."

గేటు తీసింది. జోష్న లోపలికి అడుగుపెట్టింది. నేను పట్టీని పిట్టగోడ మీద పరిచి, "ఇరవై మూడు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"ప్రెజెంట్ టీచర్!"

వేశాను.

రోడ్డు అవతల డాక్టరు వసుంధర గారు కాగితం మడిచి సంచీలో పెట్టుకుంటుంటే, ఆటో దిగిన సింహాచలం ఆవిడ దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. "అమ్మా, సదువెందుకో తమకి తెలుసు కదా. మరి రోజూ ఎందుకలా అడిగినారు?"

ఆవిడ మొహం కందగడ్డైపోయింది. "తప్పయిపోయింది బాబూ," అంది. తర్వాత కూతురి వీపు మీద చరిచి, "పదవే, టైమైపోతోంది," అని గేట్లోకి తోసింది. ఆ వెనకే పిల్లలంతా ఒక్కసారిగా లోపలికి పడ్డారు. పైడమ్మ గంట కొట్టింది. ఆ రోజు ప్రేయరు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.

ఒకటో తారీకున జోష్న చీరల కొట్టుకు వెళ్ళలేదు. సింహాచలమే ఆటోలో తెచ్చి గేటు దగ్గర దింపాడు. పైడమ్మకు మెమో వచ్చింది, జవాబుగా ఆవిడ వేలిముద్ర వేసింది. రాజుగారు ఆ తర్వాత గేటు ముయ్యమనలేదు, తియ్యమనీ అనలేదు. మండలి మాట కోసం ఎదురుచూశారు.

మండలి నివేదిక ఫిబ్రవరిలో వచ్చింది. మరుగుదొడ్లకు ఐదుకు ఐదు. సంప్రదాయానికి డెబ్బైకి సున్నా. కింద ఇలా ఉంది: 'బాలిక తల్లి మూడవ నిరాకరణమునకు సమ్మతింపలేదు. విచారణ జరుపగా, ఆమె కుమార్తె విద్యను మనఃపూర్వకముగా కోరుచున్నట్లు వెల్లడైనది. తదుపరి మిగిలిన తల్లులును నిరాకరణము మానివేసిరి. తల్లుల వ్యతిరేకతయే లేనిచోట, దానిని జయించు సంప్రదాయము జీవించియున్నదనుట అసంభవము. కావున ఈ సంస్థయందు స్త్రీవిద్యా సంప్రదాయము అంతరించినట్లు ధ్రువీకరించడమైనది.'

రాజుగారు రెండురోజులు గదిలోంచి రాలేదు. మూడోరోజు సర్క్యులరు నంబరు ఇరవై ఒకటి వచ్చింది. 'సంప్రదాయము అంతరించిన కారణముగా, బాలికలు తమంతట తామే రావచ్చునని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' పైడమ్మ మెమో ఫైలును కూడా, సంప్రదాయమే లేనప్పుడు దాని ఉల్లంఘన ఉండదని, హెడ్మిస్ట్రెస్ గారు మూసేశారు. ఆవిడ చేసిన మంచిపని అదొక్కటే, ఆ మాట చెప్పుకోవాలి.

మార్చిలో హాల్ టికెట్లు వచ్చాయి. జోష్న హాజరు డెబ్బై ఆరు శాతం. షిఫ్టు దిగి వరాలే తీసుకోవడానికి వచ్చింది, తలలో జనపనార పీచు ఇంకా అలాగే ఉంది. టికెట్టు మీద కూతురి ఫొటో చూసుకుని, పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకుంది. నా బల్ల మీద మండలి కాగితం, దాని ఎర్ర ముద్ర, కనబడ్డాయి ఆవిడకు.

"ఆరోజొచ్చిన ఆ బాబుగోరు రాసిందాండి? ఏటి రాసినారమ్మా?"

చదివి వినిపించాను. గ్రాంథికం అర్థం కాలేదని విడమరిచి చెప్పాను. "నువ్వు మూడోసారి వద్దనకపోవడం వల్ల మన బడిలో ఆడపిల్లల చదువు సంప్రదాయం చచ్చిపోయిందట."

వరాలు హాల్ టికెట్టును నాలుగు మడతలు పెట్టబోయి, నలిగిపోతుందేమోనని ఆగి, జాకెట్లో పెట్టుకోకుండా రెండు చేతుల్తో పట్టుకుంది.

"పోన్లెండమ్మా," అంది. "పీడా పోయింది."